ఏడాది పొడవునా తీసిన చేనేత, హస్తకళల ఫొటోల్లోంచి 24 ఎంచడం ఎలా?

నూలుపోగు (ప్రశ్న)

రెండు తెలుగు రాష్ట్రాల్లో చేనేత, హస్తకళలు, గుడుల శిల్పం, పండగల మీద ఈ ఏడాది తీసిన ఫొటోలు 11,400 ఉన్నాయి. అన్నీ రా ఫైళ్లే (కెమెరా కుదించకుండా దాచేవి), 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్. పోచంపల్లి, పుట్టపాక, శ్రీకాళహస్తి, పెడన, ఏటికొప్పాక, నిమ్మలకుంట, లేపాక్షి, బతుకమ్మ ఇందులో ముఖ్యమైనవి. "ఈ ఏడాది నాకు నచ్చినవి" అని 24 ఎంచి ఆన్‌లైన్‌లో పెట్టాలి. అవే 12×18 సైజులో ప్రింట్ వేసి చిన్న ప్రదర్శనకి కూడా ఇవ్వాలి.

చిక్కులు ఇవి. ఎన్నిసార్లు ఏరినా చివరికి మగ్గం, చేతులు, దారాలు, మళ్లీ మగ్గం, ఇవే మిగులుతున్నాయి. నీలిమందు రంగు ఊదాగా పడుతోంది, జరీ ఉన్నచోట తెల్లగా తేలిపోతోంది. తెలుగు క్యాప్షన్ వేస్తే ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కన నిలబడుతున్నాయి. లెన్సులు 35, 85 మ్యాక్రో. ఒక చిన్న ఫ్లాష్, ఒక గొడుగు ఉన్నాయి. కొన్ని చోట్లకి జనవరిలో మళ్లీ వెళ్లే వీలుంది, కాబట్టి తీసే పద్ధతి గురించి చెప్పినా పనికొస్తుంది.

గుంటమగ్గం

"నచ్చినవి" అన్న మాట కాసేపు పక్కన పెట్టండి. తీసినవాడికి నచ్చడంలో ఆ రోజు ఎండ, బస్సు ప్రయాణం, తాగిన టీ కూడా కలిసి ఉంటాయి. చూసేవాడికి అవేవీ ఫ్రేములో కనబడవు. డిజైన్ మీద తీసిన ఫొటోని అడగాల్సింది ఒకటే: ఈ వస్తువు ఇలాగే ఎందుకుందో ఇందులో తెలుస్తోందా, లేదా? తెలియకపోతే అది ఎంత అందంగా ఉన్నా క్యాలెండరు బొమ్మే.

ఏరే పని ఇలా చేయండి. ఫొటోలు ఏరి దిద్దే లైట్‌రూమ్‌లో తేదీల వరసలో చూడొద్దు, కళల వారీగా కలెక్షన్లు కట్టండి. ముందు రోజు రాత్రే ప్రివ్యూలు తయారు చేయించి పెట్టుకోండి. క్యాప్స్ లాక్ వేసి ఉంచితే గుర్తు పెట్టగానే తర్వాతి ఫొటో దానంతటదే వస్తుంది. మొదటి విడత ఉంచడమా తీసేయడమా, అంతే. చుక్కలు, రంగులు వద్దు. ఒక్కో ఫొటోకి రెండు సెకన్లు అనుకున్నా 11,400కి ఆరు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మూడు పూటలుగా చేయండి, మూడో గంట దాటితే కన్ను అన్నిటికీ ఊ కొడుతుంది. ఇక్కడ 900 మిగిలితే సరిపోతుంది.

వారం ఆగి రెండో విడత. ఒకేలా ఉన్న ఆరేడు ఫొటోలని పక్కపక్కన పరిచి చూపే సర్వే వ్యూ పెట్టుకుని, గుంపుకి ఒకటే ఉంచండి. ఆ తర్వాత 80కి దించి వాటిని 4×6 ప్రింట్లు వేయించండి. ఈ ఒక్క మెట్టూ ఎగ్గొట్టొద్దు. స్క్రీన్ మీద ఒక్కోటీ వేరుగా వెలుగుతుంది కాబట్టి అన్నీ బాగున్నట్టే ఉంటాయి. నేల మీద పరిచి నిలబడి చూస్తే ఏ రెండు ఒకే మాట చెబుతున్నాయో ఇట్టే తెలిసిపోతుంది.

హద్దులు ముందే గీసుకోండి. ఒక కళకి నాలుగుకి మించకూడదు. పని చేస్తున్న చేతుల దగ్గరి ఫొటోలు మొత్తం 24లో రెండే. కెమెరాలోకి చూసే ముఖాలు మూడు. మీకు మిగులుతున్న "మళ్లీ మగ్గం" జబ్బుకి మందు ఇదే.

ఇక పోచంపల్లి సంగతి. అక్కడికి వెళ్లినవాళ్లంతా మగ్గాన్నే పట్టుకుంటారు. కానీ ఇక్కత్ (పోగుల్ని ముందే కట్టి, రంగు అద్ది నేసే పద్ధతి) డిజైన్ మగ్గం మీద పుట్టదు. నేతకి ముందే, ఆసు పోసే చోట, చిటికి కట్టే (పోగుల్ని అక్కడక్కడ బిగించి కట్టే) చోట పుడుతుంది. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకుల వరస, ఎదురుగా ఒక మేకు. పేక దారాన్ని ఆ మేకు నుంచి ఈ వరసకీ, మళ్లీ వెనక్కీ తిప్పుతూ పోవాలి. చేత్తో అయితే ఒక చీరకి దాదాపు 9 వేల సార్లు. ఈ చాకిరీ తప్పించిన లక్ష్మీ ఆసు యంత్రానికే చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో ఆసు పోసేవాళ్లు ఎక్కడైనా దొరికితే కెమెరాని స్థిరంగా ఆనించి 1/8 సెకను పెట్టండి. మేకులు కత్తిరించినట్టు పదునుగా, చేయి విసనకర్రలా సాగి పడుతుంది. ఆ విసనకర్ర ఆకారమే ఆ పని. 1/500 పెట్టి చేతిని గడ్డ కట్టిస్తే ఎవరో దారం పట్టుకుని కూర్చున్నట్టుంటుంది.

రెండోది, అద్దకం అయ్యాక చిటికి విప్పే ఫొటో. రబ్బరు పట్టీలు గట్టిగా చుట్టిన చోట రంగు ఎక్కదు. పట్టీ సగం విప్పి ఉండగా తీస్తే ఒకే పోగులో అద్దిన రంగు, దాని పక్కనే పట్టీ కింది తెలుపు, మధ్యలో రంగు పాకిన మసక అంచు, మూడూ కనిపిస్తాయి. 85 మ్యాక్రో, ఎఫ్ 8, పక్క కిటికీ వెలుగు. ఇక్కత్ మొత్తం ఆ అరంగుళంలో ఉంది.

ఆ మసక అంచుని కాపాడుకోండి. దిద్దేటప్పుడు టెక్స్చర్, క్లారిటీ స్లైడర్లు +15 దాటితే అంచు గీత గీసినట్టు తయారై, ఒరిజినల్ చీర కాస్తా అచ్చు వేసిన నకిలీలా కనిపిస్తుంది. అచ్చు గుడ్డ వెనకవైపు వెలిసినట్టుంటుంది, ఇక్కత్‌కి రెండు వైపులా ఒకటే రంగు. చీర ఫొటోలో ఒక మూల మడిచి వెనకవైపు కూడా చూపిస్తే, తెలిసినవాళ్లు అక్కడే ఆగుతారు.

కసిమి

రంగుల గురించి నేను చెబుతాను.

నీలిమందు ఊదాగా పడటానికి వైట్ బ్యాలెన్స్ ఒక్కటే కారణం కాదు. నీలిమందు వేసిన గుడ్డ మన కంటికి దాదాపు ఆనని ముదురు ఎరుపు అంచు దగ్గర, 700 నానోమీటర్ల చుట్టుపక్కలా ఆపైనా, కాంతిని బాగా తిప్పికొడుతుంది. కంటికి అది లెక్కలోకి రాదు. సెన్సర్ కొంత పట్టుకుని ఎరుపు ఛానెల్‌లో కలిపేస్తుంది. నీలం, ఎరుపు కలిస్తే ఊదా. పాత బల్బు, మిట్ట మధ్యాహ్నపు ఎండ, ఈ రెండింట్లో ఆ అంచు కాంతి ఎక్కువ కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. ఇంటి నీడలో, ఆకాశం వెలుగు మాత్రమే పడే చోట తీస్తే సగం పోతుంది.

మిగతా సగానికి 24 గళ్ల రంగుల కార్డు. వెలుగు మారిన ప్రతిసారీ ఒక ఫ్రేము కార్డుతో తీసి, దాంతో కెమెరా ప్రొఫైల్ కట్టి, ఆ వెలుగులో తీసినవాటన్నిటికీ వేయండి. ఇప్పటికే తీసినవాటికి కార్డు ఉండదు కాబట్టి రంగుల ప్యానెల్‌లో బ్లూ, పర్పుల్ హ్యూలని ఆకుపచ్చ వైపు 8 నుంచి 15 దాకా జరపండి. చర్మం రంగు దీనివల్ల చెడదు, కానీ వెనక ఊదా పూలో ఊదా అంచో ఉంటే అవి నీలంగా మారిపోతాయి. అలాంటిచోట మాస్క్ గీసి గుడ్డకి మాత్రమే చేయాలి. గుడ్డ ముక్క ఒకటి దగ్గరుంటే పగటి వెలుగులో స్క్రీన్ పక్కన పట్టుకుని సరిపోల్చండి, గుర్తున్న రంగుని నమ్మొద్దు.

జరీది ఇంకో గొడవ. పోలరైజర్ పెడితే మెరుపు తగ్గుతుందని చాలామంది అంటారు. లోహం మీద మెరుపుకి మామూలు పోలరైజర్ పెద్దగా పని చేయదు. లైటుకీ లెన్సుకీ రెండింటికీ ఫిల్టరు పెట్టి అడ్డంగా తిప్పితే మెరుపు మొత్తం పోతుంది, అప్పుడు జరీ మసి పట్టిన దారంలా నల్లగా పడుతుంది. రెండూ వద్దు. గొడుగుని చీరకి 60, 70 సెంటీమీటర్ల దూరంలోకి తెచ్చి, పక్కనుంచి ఏటవాలుగా వేయండి. వెలుగు వచ్చే ముఖం పెద్దదైతే మెరుపు చుక్కలుగా కాక పరుచుకుని వస్తుంది. ఎక్స్‌పోజర్ జరీకి పెట్టి, చీర నీడల్ని రా లో పైకి తెచ్చుకోండి. జరీ ఒకసారి తెల్లగా తేలిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఫైల్లో ఏమీ మిగలదు.

ఏటికొప్పాక లక్క బొమ్మలకి దీనికి తలకిందులు. అక్కడ పోలరైజర్ పని చేస్తుంది, కానీ బొమ్మ గుండ్రం కాబట్టి ఒక వాలులోనే. దానికంటే బొమ్మ పక్కన ట్రేసింగ్ పేపరు నిలబెట్టి, దాని వెనకనుంచి లైటు వేస్తే ఒక పొడుగాటి మెరుపు పట్టీ వస్తుంది. ఆ పట్టీయే బొమ్మ వంపుని చెబుతుంది, దాన్ని చెరిపేస్తే బొమ్మ బల్లపరుపుగా కనిపిస్తుంది. అసలు ఫొటో తరిణి (కర్రని తిప్పే యంత్రం) మీద ఉంది: తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనించినప్పుడు రాపిడి వేడికే లక్క కరిగి రంగు అంటుకుంటుంది. 1/60 పెడితే కర్ర తిరుగుతున్నట్టు, కడ్డీ ఆగినట్టు పడుతుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెట్టేది కూడా వదలొద్దు.

శ్రీకాళహస్తి కలంకారీలో నా ఓటు ఒకే జంటకి. కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి ఎండేసిన గుడ్డ మీద కసిమితో గీసిన గీత మొదట లేతగా ఉంటుంది. కసిమి అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. ఆ ఇనుము గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసి కళ్లముందే నల్లబడుతుంది. కెమెరా కదపకుండా కలం ఆనినప్పుడు ఒకటి, కాసేపటికి ఒకటి తీయండి. ఆటో వైట్ బ్యాలెన్స్ మాత్రం వద్దు, ఆ గుడ్డకుండే లేత పసుపుని అది తెల్లగా ఉతికేస్తుంది. గ్రే కార్డుతో బిగించేయండి.

మగ్గాల షెడ్డులో ఎల్ఈడీ ట్యూబులుంటే సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ ఆపేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ట్యూబు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. 1/100 లేదా 1/50తో మెకానికల్ షట్టర్ వాడితే అడ్డ చారలు రావు.

నూలుపోగు

ఇద్దరికీ థాంక్స్ అండి. నీడలో తీసిన పుట్టపాక ఫొటోలు చూశాను, ఊదా నిజంగానే తక్కువుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలు, లేపాక్షి పైకప్పు బొమ్మల గురించి ఎవరైనా చెబుతారా? బొమ్మలన్నీ నల్లటి నీడలుగా పడ్డాయి. లేపాక్షిలో ట్రైపాడ్ వద్దన్నారు.

తెరవెనక

నల్లగా పడ్డాయంటే మీరు కొలిచింది తెరని. తెల్ల తెర చాలా వెలుగుగా ఉంటుంది, మీటరు దాన్ని చూసి మొత్తం దించేస్తుంది. స్పాట్ మీటర్ (ఒక్క చోటే వెలుగు కొలిచేది) పెట్టి బొమ్మ ఒంటి మీద ఎరుపు ఉన్నచోట కొలవండి, అక్కడినుంచి మాన్యువల్‌లో ఉంచేయండి. మామూలుగా ఎఫ్ 2.8, 1/125, ఐఎస్ఓ 1600 నుంచి 3200 మధ్యలో తేలుతుంది. తెర కొంచెం తేలిపోయినా నష్టం లేదు. తోలుని పలచగా గీకి, వెలుగు దూరేలా చేసి, చిల్లులు కొట్టి రంగులేసేది ఆ రంగు కనబడటానికే. నీడబొమ్మలా చూపిస్తే ఆ పనంతా వృథా.

బొమ్మని తెరకి ఆనించినప్పుడు గీత పదునుగా, కాస్త వెనక్కి తీస్తే మసకగా ఉంటుంది. ఆడించేవాళ్లు ఈ తేడాని కావాలనే వాడతారు. ఒకే ఫ్రేములో ఒక బొమ్మ ఆని, ఇంకోటి వెనక ఉన్న క్షణం కోసం ఆగండి. వెనక బల్బు 2700 కెల్విన్ అయితే కెమెరాలో 3200 పెట్టండి, వెచ్చదనం కాస్త మిగులుతుంది. ఆటోలో వదిలితే తెర కాగితంలా పాలిపోతుంది. తెర వెనకనుంచి కూడా ఒకటి తీసి రెండూ జంటగా పెట్టండి. చప్టా మీద కాళ్లు, చేతిలో కర్రలు, గోడకి ఆనించిన రాముడూ రావణుడూ. నాకైతే వెనకవైపుదే ఇష్టం.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. లేకపోయినా పని జరుగుతుంది. ఒక గుడ్డ పరిచి, దాని మీద కెమెరాని వెల్లకిలా పడుకోబెట్టండి. 35 లెన్స్, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 200, 10 సెకన్ల టైమర్, ఆటోఫోకస్ ఒకసారి పట్టాక మాన్యువల్. ఫోన్‌లో మట్టం చూసే యాప్ తెరిచి లెన్స్ ముందు అంచు మీద పెట్టి, కెమెరా కింద మడత గుడ్డతో సమం చేయండి. కెమెరా ఒక డిగ్రీ వాలినా స్తంభాల గీతలు ఒకవైపు ముడుచుకుపోతాయి. ఫ్లాష్ జోలికి వెళ్లొద్దు. ఉదయం అరుగు మీద పడ్డ ఎండ పైకి తిరిగి కప్పు మీద పరుచుకుంటుంది, ఆ వెలుగు చాలు.

పైకప్పు మొత్తం అందరూ తీస్తారు. మీ అంశం డిజైన్ కాబట్టి ఆ 16వ శతాబ్దపు బొమ్మలు కట్టుకున్న బట్టలు తీయండి: గళ్లు, చారలు, పూలు, అంచులు. 85తో ఒక చీర అంచు మాత్రమే నింపి, పక్కన ఇప్పటి మగ్గం మీది అంచు పెడితే రెండూ మాట్లాడుకుంటాయి.

బతుకమ్మవి రాత్రి ఆడేవి ఒకటి చాలు. పొద్దున గునుగు పూలని కట్టలు కట్టి, కొసలు సమంగా కత్తిరించి, రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టేది తీశారా? తాంబాళంలో ఒక్కో వరస గుండ్రంగా పేర్చుకుంటూ పైకి సన్నబడుతూ పోయే ఆ కట్టడం డిజైన్ పాఠం లాంటిది. నెత్తి మీదనుంచి నిటారుగా తీస్తే వలయాలు, పక్కనుంచి తీస్తే గోపురం. తంగేడు పసుపు చాలా గాఢం, ఎరుపు ఛానెల్ హిస్టోగ్రామ్ (వెలుగు లెక్క చూపే గ్రాఫు) కుడి గోడకి తగులుతుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించండి.

ముద్రారాక్షసం

ఒత్తులు విడిపోవడం ఫాంటు తప్పు కాదు. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజన్‌ని మీ వెర్షన్‌లో ఆ ఎంపిక ఉంటే వరల్డ్-రెడీకి మార్చండి. పాత వెర్షన్లలో అది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ పేరుతో ఉంటుంది. మార్చాక ప్రోగ్రాం మూసి తెరిచి, కొత్త టెక్స్ట్ లేయరు తీసుకోండి, పాత లేయరు అలాగే విరిగి ఉండొచ్చు. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచాలి. ఫాంటు మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ తీసుకోండి. అక్షరం 14 పాయింట్లయితే వరసల మధ్య 22 ఇవ్వండి. ఇంగ్లిషు లెక్కన 17 ఇస్తే పై వరస ఒత్తు కింది వరస గుడితో కుస్తీ పడుతుంది. క్యాప్షన్‌ని రెండు వైపులా సమం చేయొద్దు, ఎడమ వైపుకే పెట్టండి. మన మాటలు పొడుగు, సమం చేస్తే మధ్యలో గుంటలు పడతాయి. ప్రెస్సువాళ్లు అను ఫాంట్లలో టైపు చేసిస్తామంటే ప్రింటుకి సరే, ఆ అక్షరాలే వెబ్‌లోకి కాపీ చేస్తే చెత్త వస్తుంది. యూనికోడ్‌లో ఒకసారి టైపు చేసి ఐపీటీసీ (ఫొటో ఫైల్లోనే దాగే వివరాలు) క్యాప్షన్‌లో కూడా అదే పెట్టండి, ఫైలుతో పాటు పోతుంది.

ఇక క్యాప్షన్లలో ఎక్కువగా తప్పేది జిల్లా. పోచంపల్లి, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి, నల్గొండ కాదు. చేర్యాల సిద్దిపేట. 2022 మార్పుల తర్వాత ఏటికొప్పాక అనకాపల్లి, శ్రీకాళహస్తి తిరుపతి, నిమ్మలకుంట, లేపాక్షి రెండూ శ్రీ సత్యసాయి, కొండపల్లి ఎన్టీఆర్. పెడన కృష్ణాలోనే ఉంది.

దానికంటే పెద్ద తప్పు పెడన అచ్చు గుడ్డ కింద "కలంతో గీసిన కలంకారీ" అని రాయడం. మచిలీపట్నం, పెడన పద్ధతి చెక్క అచ్చులది, శ్రీకాళహస్తిది కలంది. రెండింటికీ భౌగోళిక గుర్తింపు వేరువేరుగా ఉంది. తేలియా రుమాలుకి (పుట్టపాకలో నేసే ఇక్కత్ గుడ్డ) కూడా పోచంపల్లితో సంబంధం లేకుండా పుట్టపాక పేరు మీద విడిగా 2020లో వచ్చింది. ఆ పేరు ఎందుకొచ్చిందో క్యాప్షన్‌లో ఒక వాక్యం రాయండి: నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెడతారు కాబట్టి. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు కనబడితే "సంప్రదాయ" అన్న మాట తీసేయండి.

ప్రింటుకి మీ 6000 పిక్సెళ్లు 18 అంగుళాలకి 333 చొప్పున వస్తాయి, పెంచాల్సిన పని లేదు. నిష్పత్తి 2:3 కాబట్టి అంచు కూడా తెగదు. 24 ఒకేసారి ఇచ్చేయకండి. ఆరు కష్టమైన ఫొటోల్లోంచి (నీలిమందు, జరీ, తోలుబొమ్మ, తంగేడు, లక్క, పైకప్పు) సన్నని ముక్కలు కోసి ఒకే 12×18 షీటులో అతికించి, గ్లాసీలో ఒకటి, మ్యాట్‌లో ఒకటి వేయించండి. మీ స్క్రీన్ వెలుగు ఎక్కువుంటే ఇక్కడే బయటపడుతుంది. చాలా ప్రింట్లు నల్లగా రావడానికి ల్యాబు కాదు, నిండా వెలిగించిన ల్యాప్‌టాప్ కారణం. అతికించడానికి 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ పలక) తీసుకోండి, 3 అయితే వంగుతుంది.

వెబ్‌కి పొడుగు వైపు 2048, ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌కి వాడే రంగుల ప్రమాణం), క్వాలిటీ 80. సైజు తగ్గించాక పట్టు చీరల మీద అలల్లా గీతలు వస్తే ఆ ఒక్కదాన్నీ 1920కో 2400కో మార్చి చూడండి, చాలాసార్లు పోతాయి.

గుంటమగ్గం

ముద్రారాక్షసం గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేతగాళ్ల ఇంట్లో గోడకి అంటించిన గ్రాఫ్ కాగితం ఫొటోలు మీ 24లో ఉంటే ఆగండి. చిన్న గళ్లలో రంగులు నింపిన ఆ కాగితమే ఇంకా మార్కెట్లోకి రాని చీర డిజైన్ కావచ్చు. పదునైన ఫొటో ఒకటి చాలు, గళ్లు లెక్కపెట్టుకుని ఇంకొకరు దించేస్తారు. ఆ ఇంటివాళ్లని ఫోన్ చేసి అడగండి. చీర అమ్మకానికి వచ్చేదాకా ఆగమంటే ఆగండి, లేదా కాగితం ఒక మూల మాత్రమే కనబడే ఫ్రేము వాడండి.

నూలుపోగు

అలాంటివి రెండున్నాయి, రెండూ పుట్టపాకవే. ఒకదాన్లో కాగితం మొత్తం కనిపిస్తోంది. దాన్ని తీసేసి చిటికి సగం విప్పిన ఫొటో పెడుతున్నాను.